అణువునకు తూర్పు ఏది?

మద్రాసు రేవునకు వచ్చు ఓడల నావికులు పూర్వము పడమటి దిక్కున ఒక కొండ శిఖరమును గుర్తుగా పెట్టుకొనెడివారు. తీరమునకు ఎంతో లోపల, చిత్తూరు సీమలో, నగరికి చేరువనున్న కొండ అది. దూరమునుండి చూచువారికి దాని అంచు మనిషి ముక్కువలె తోచుటచే ఆంగ్లేయులు దానిని ‘నగరి నోస్’ అన్నారు. నగరి ముక్కు అన్నమాట. ఆ కొండను చుట్టివచ్చువానికి ముక్కు ఒక తావున స్పష్టముగా కనబడును. మరియొక తావున రాళ్ళలో, చెట్లలో కలిసిపోవును. కొండలో మార్పేమియు లేదు. చూచువాడు నిలిచిన చోటు మారినది, అంతే.

కొండ విషయములో మనకు ఒక సౌకర్యమున్నది. దానికి క్రింద నేల, పైన ఆకాశము ఉన్నవి. సూర్యుడు ఒక వైపున ఉదయించును. కనుక ఎక్కడ నిలిచి చూచితిమో చెప్పుట సులభము. అణువునకు ఈ సౌకర్యము లేదు. నీటి అణువునకు గాని, మన రక్తములోని హీమోగ్లోబిన్ అణువునకు గాని తల యెటు, కాళ్ళెటు? తూర్పు ఏది? ఈనాడు కళాశాల విద్యార్థి సైతము కంప్యూటరు తెరపై అణువును నిలిపి, వ్రేలితో ఇటు నటు త్రిప్పి చూచుచున్నాడు. ఏ వైపునుండి చూచిన యథార్థము తెలియును? ఈ ప్రశ్నకు శాస్త్రజ్ఞులు వెదకిన సమాధానముల చరిత్రలో మన వాల్తేరునకు, మద్రాసునకు, హైదరాబాదునకు చెప్పుకోదగిన స్థానములున్నవి. ఆ చరిత్రను కొంత ముచ్చటించుకొందము.

ముందుగా వాల్తేరు. 1909లో జన్మించిన సూరి భగవంతము గారు కలకత్తాలో సర్ సి. వి. రామన్ వద్ద పరిశోధన చేసి, పిమ్మట ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో భౌతికశాస్త్రాచార్యులైనారు. అణువుపై కాంతి పడి చెదరినపుడు అందులో అణువు యొక్క కంపనముల ముద్ర ఉండును. ఆ ముద్రను చదువవలెనన్న అణువు యొక్క సౌష్ఠవమును ఎరుగవలెను. ఏ అక్షము చుట్టు ఎంత త్రిప్పిన అణువు తిరిగి తనవలెనే కనబడును? ఏ తలమునందు అద్దము పెట్టిన సగము బొమ్మకు మిగిలిన సగము ప్రతిబింబమగును? ఈ ప్రశ్నలకు గణితములోని సమూహ సిద్ధాంతము జవాబు చెప్పును. భగవంతము గారును, ఆయన సహకారి టి. వేంకటరాయుడు గారును ఈ సిద్ధాంతమును స్ఫటికములకు అన్వయించి 1939లో ఒక పద్ధతిని ప్రకటించినారు. స్ఫటిక కంపనములను గూర్చి వ్రాయువారు నేటికిని ఆ పద్ధతిని వారిద్దరి పేరుతో పేర్కొందురు. వారు కలసి ఆంగ్లమున వ్రాసిన సమూహ సిద్ధాంత గ్రంథమును ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1948లో ప్రచురించినది.

మన ప్రశ్నకు ఈ శాస్త్రము ఇచ్చిన మొదటి సమాధానము ఇది: అణువునకు బయటి దిక్కులు లేకున్నను, లోపలి దిక్కులున్నవి. బెంజీను అణువు ఆరు మూలల చదునైన వలయము. దాని నడిమినుండి నిట్టనిలువుగా పోవు అక్షము చుట్టు ఆరవ వంతు త్రిప్పిన, త్రిప్పినట్లే తెలియదు. ఆ అక్షము వెంట చూచినచో షడ్భుజి కనబడును. ప్రక్కనుండి చూచినచో ఒక గీత మాత్రమే కనబడును. రెండును బెంజీనే. అయినను మొదటి చూపు దాని సౌష్ఠవమును బయటపెట్టును, రెండవది దాచును. కాబట్టి ముఖ్యమైన అక్షమును నిలువుగా నిలుపవలెనను ఆచారము ఏర్పడినది.

ఆచారము లేనిచోట ఎంత గందరగోళము కలుగునో చూపుటకు నీటి అణువు చాలును. అందులో ఒక ఆక్సిజన్, రెండు హైడ్రోజన్ పరమాణువులు ఒకే తలమున ఉన్నవి. నిలువు అక్షము విషయమున వివాదము లేదు. కాని మిగిలిన రెండు అక్షములలో దేనిని ఆ తలమున ఉంచవలెను, దేనిని తలమునకు లంబముగా ఉంచవలెను? ఒకరు ఒక విధముగా, వేరొకరు మరియొక విధముగా ఉంచినచో, ఒకే కంపనమునకు ఒక వ్యాసములో ‘బి-ఒకటి’ అనియు, మరియొక వ్యాసములో ‘బి-రెండు’ అనియు పేరు పడును. చదువువాడు రెండు వేరు వేరు కంపనములని భ్రమపడును. ఈ చిక్కును తొలగించుటకే అమెరికా శాస్త్రజ్ఞుడు మల్లికెన్ 1955లో ఒక సిఫారసు ప్రకటించినాడు. ఇట్టి చదునైన అణువులలో మొదటి అక్షము తలమునకు లంబముగా ఉండవలెనని అందులో చెప్పినాడు. ప్రకృతిలో ఆ నియమము లేదు. మనుష్యులు పరస్పరము అర్థము చేసికొనుటకు ఏర్పరచుకొన్న ఒప్పందము అది.

ఇక మద్రాసునకు వత్తము. నగరినుండి ఒక్కపూట ప్రయాణము. అడయారులో 1948లో కేంద్ర తోళ్ళ పరిశోధనా సంస్థ నెలకొన్నది. తోలునకు పటుత్వమిచ్చు ప్రోటీను పేరు కొల్లాజెన్. మన చర్మమునకు, ఎముకలకు, నరములవలె బిగిసియుండు కండర బంధములకు అదియే ఆధారము. దాని నిర్మాణమును మద్రాసు విశ్వవిద్యాలయములో జి. ఎన్. రామచంద్రన్, గోపీనాథ్ కర్తా అను ఇద్దరు శోధించినారు. రామచంద్రన్ 1922లో ఎర్నాకుళమున జన్మించినవాడు; ఆయన కూడ రామన్ శిష్యుడే. ముప్పది యేండ్లకే మద్రాసులో భౌతికశాస్త్ర శాఖకు అధిపతి యైనాడు.

ఇరువురును 1954లో కొల్లాజెన్‌లో మూడు పేటలున్నవని ప్రతిపాదించినారు. మన స్త్రీలు ధరించు ముప్పేట గొలుసును తలచుకొనవచ్చును. ప్రతి పేటలోను మూడింట ఒకటి గ్లైసిన్ అను అతి చిన్న ఘటకము. మూడు పేటలు దగ్గరగా ఒదుగవలెనన్న నడుమ చోటు మిక్కిలి తక్కువ. అందులో గ్లైసిన్ తప్ప మరేదియు పట్టదు. కనుక ప్రతి గ్లైసిన్ లోపలి వైపునకే తిరిగియుండవలెను. పేట ఒక చుట్టు తిరుగుటకు సరిగా మూడు ఘటకములు పట్టినచో గ్లైసిన్‌లన్నియు ఒకే వరుసలో లోపలి వైపుననే నిలుచును. మొదటి నమూనా అట్టిదే. కాని ఎక్స్ కిరణముల చిత్రములు చుట్టునకు మూడు కాదు, మూడుంబాతిక కంటె కొంచెము ఎక్కువ ఘటకములని సూచించినవి. అట్లయినచో గ్లైసిన్‌లు క్రమముగా ప్రక్కకు జరిగి, కొంత దూరము పోవుసరికి బయటి వైపునకు వచ్చును. నిర్మాణము విడిపోవును.

పరిష్కారము ఆకాశమునుండి దొరకినది. చంద్రుడు భూమి చుట్టు తిరుగుచు, తన చుట్టు తాను కూడ తిరుగుచున్నాడు. రెండును ఒకే కాలములో జరుగుటచే ఎల్లప్పుడు ఒకే ముఖమును భూమికి చూపుచున్నాడు. అట్లే మూడు పేటలు తమలో తాము మెలిదిరుగుచు, ఒకదానినొకటి చుట్టుకొనుచు పోయినచో గ్లైసిన్ ముఖము ఎన్నటికిని నడిమి అక్షమువైపే ఉండును. ఈ సవరించిన నమూనా 1955లో వెలువడినది. ఇక్కడ గమనింపదగినది ఒకటి కలదు. రామచంద్రన్ అడిగిన ప్రశ్న ‘బయటినుండి చూచు మనకు ఎట్లు కనబడును?’ అని కాదు; ‘అణువు నడిమి అక్షము మీద నిలిచినవానికి ప్రతి పేట ఏ ముఖము చూపును?’ అని. చూచు తావును అణువు లోపలికి మార్చుకొనుటయే ఆ ఆలోచనకు ప్రాణము.

అయినను వివాదము తప్పలేదు. ఇంగ్లండులో రిచ్, క్రిక్ అనువారు అదే యేట మూడు పేటల మూలభావమును అంగీకరించుచునే, మద్రాసు నమూనాలో కొన్ని పరమాణువులు ఒకదానికొకటి మరీ సమీపమున ఉన్నవని ఆక్షేపించినారు. ప్రతి మూడు ఘటకములకు రెండు హైడ్రోజన్ బంధములని మద్రాసువారు, ఒకటియే యని వారు. ఈ ఆక్షేపణకు రామచంద్రన్ కోపముతో గాక పనితో సమాధానము చెప్పినాడు. పరమాణువులు యథార్థముగా ఎంత దగ్గరకు రాగలవు? అంతవరకు తెలిసిన స్ఫటిక నిర్మాణములనుండి ఆ దూరములను సేకరించి, రామకృష్ణన్, శశిశేఖరన్ అను సహచరులతో కలసి 1963లో ఒక పటమును ప్రకటించినాడు. ప్రోటీను గొలుసులోని ప్రతి ఘటకము వద్ద రెండు కోణములున్నవి. ఒక కోణమును అడ్డముగా, రెండవదానిని నిలువుగా గుర్తించినచో, ఏ చోట గొలుసు సుఖముగా నిలువగలదో, ఏ చోట పరమాణువులు ఢీకొనునో ఆ పటము చూపును. ప్రపంచమంతట ప్రోటీను నిర్మాణములను పరీక్షించువారు నేటికిని ఉపయోగించు రామచంద్రన్ పటము ఇదే.

ఈ పటమునకు మన ప్రశ్నతో గల సంబంధము లోతైనది. ఆ రెండు కోణములు అణువు తనలో తాను కలిగియున్నవి. అణువును తలక్రిందులు చేసినను, వెనుకకు త్రిప్పినను అవి మారవు. అనగా చూచు దిక్కుతో పనిలేని వర్ణనము దొరకినదన్నమాట. ఒక కొల్లాజెన్ వంటి చిన్న గొలుసు యొక్క స్ఫటికమును 1994లో బెల్లా, ఈటన్, బ్రాడ్‌స్కీ, బెర్మన్ అనువారు సూక్ష్మముగా పరిశీలించినారు. మూడు పేటలు, లోపలి వైపునకు తిరిగిన గ్లైసిన్‌లు అందులో కనబడినవి. నేరు హైడ్రోజన్ బంధము మాత్రము మూడు ఘటకములకు ఒకటియే. ముప్పేట భావమున మద్రాసు గెలిచినది. బంధముల లెక్కలో ఆక్షేపించినవారు గెలిచినారు. ఆక్షేపణనుండి పుట్టిన పటము ఇరువురికంటెను పెద్దదైనది. అడయారు తోళ్ళ సంస్థలోని సభామందిరమునకు ‘ట్రిపుల్ హెలిక్స్’ అని పేరు పెట్టుట ఆ చరిత్రకు గౌరవము.

ఆ రోజులలో అణువును చూచుటయన్న చేతితో కట్టిన నమూనాను చూచుటయే. కేంబ్రిడ్జిలో కెండ్రూ మయోగ్లోబిన్ అణువును కట్టుటకు రమారమి 2,500 కడ్డీలను నిలువుగా పాతి, వానిపై రంగుల గుర్తులు పెట్టి, నడుమ తీగలతో అణువును అల్లినాడు. ఆ కడ్డీల అడవిలో చేయి దూర్చుట కష్టము. కన్ను దూర్చుట అంతకంటె కష్టము. నమూనాను త్రిప్పుట అసాధ్యము. చూచువాడే దాని చుట్టు తిరుగవలెను. పైకెక్కి చూడవలెనన్న నిచ్చెన కావలెను.

ఆ నిచ్చెనను అనవసరము చేసినది కంప్యూటరు. అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక సంస్థలో సైరస్ లెవింథాల్ బృందము 1964 ప్రాంతమున తెరపై కాంతి గీతలతో అణువును గీయించి, చేతిక్రింద ఒక గోళమువంటి సాధనమును అమర్చినది. గోళమును ఏ వైపునకు నెట్టిన అణువు ఆ వైపునకు తిరుగును. అప్పుడొక విశేషము తెలిసినది. తిరుగుచున్నంతసేపు అణువు ముమ్మూర్తుల ఘనవస్తువుగా కనబడును. ఆపినతోడనే అది బల్లపరుపు గీతల చిక్కుగా మారిపోవును. ఏ గీత ముందున్నదో, ఏది వెనుకనున్నదో తెలియదు. ఈ భ్రమ క్రొత్తది కాదు. స్విట్జర్లాండు దేశీయుడు నెకర్ 1832లోనే స్ఫటికముల రేఖాచిత్రములను చూచుచుండగా ముందు ముఖము వెనుకకు, వెనుక ముఖము ముందునకు దుమికినట్లు తోచుటను గుర్తించి ప్రకటించినాడు. కదలికయే కంటికి లోతును చెప్పును.

ముద్రిత పుటకు కదలిక లేదు. కనుక ఓక్ రిడ్జ్ ప్రయోగశాలలో కారల్ జాన్సన్ 1965లో వెలువరించిన ఆర్టెప్ అను ప్రోగ్రాము అణువునకు రెండు బొమ్మలు గీయగలిగినది: కుడికంటికి ఒకటి, ఎడమకంటికి ఒకటి. యేల్ విశ్వవిద్యాలయములో రిచర్డ్స్ 1968లో సగము పారదర్శకమైన అద్దమును అమర్చి నమూనాను, ఎక్స్ కిరణముల పటమును ఒకేచోట కనబడునట్లు చేసినాడు. ఆల్విన్ జోన్స్ 1978లో ఫ్రోడో అను ప్రోగ్రాముతో ఆ పనినంతయు తెరమీదికి తెచ్చినాడు. అంతవరకు అవి ఖరీదైన యంత్రములు. రోజర్ సేల్ 1993లో ఉచితముగా పంచిన రాస్‌మాల్ సామాన్యుల బల్లమీది కంప్యూటరులోనే అణువును త్రిప్పినది. వారెన్ డిలానో పైమాల్‌ను 2000లో విడుదల చేసినాడు. బ్రూక్‌హేవెన్‌లో 1971లో కేవలము 7 నిర్మాణములతో ఆరంభమైన ప్రోటీన్ డేటా బ్యాంకులో నేడు 2 లక్షలకు మించిన నిర్మాణములున్నవి. ఎవరైనను ఉచితముగా తీసికొని చూడవచ్చును.

ఇట్టి సాఫ్ట్‌వేర్ లోపల జరుగునదేమి? ప్రతి పరమాణువునకు మూడు సంఖ్యలు, అనగా నిరూపకములు, ఉండును. త్రిప్పుటలో రెండు విధములున్నవి. ఒకటి, అణువును కదల్పక కెమెరాను దాని చుట్టు త్రిప్పుట. రెండు, కెమెరాను నిలిపి అణువునే త్రిప్పుట. తెరపై రెండును ఒకటిగానే కనబడును. మొదటిదానిలో నిరూపకములు చెక్కుచెదరవు. రెండవదానిలో అన్నియు మారును. పైమాల్‌లో ఈ రెంటికి వేరు వేరు ఆజ్ఞలున్నవి. ఈ భేదమెరుగక రెండవదానిని వాడి దాచుకొన్న విద్యార్థి, మరునాడు తన అణువును మందు అణువుతో జతపరచబోయి రెండును రెండు చోట్ల ఉండుట చూచి తెల్లబోవును. కంటికి కనబడినది ఒకటే. లెక్కలో జరిగినది వేరు.

త్రిప్పుటలో వరుస కూడ ముఖ్యమే. ఒక పుస్తకమును బల్లపై పెట్టి ముందునకు ఒక పాతిక చుట్టు, తరువాత కుడికి ఒక పాతిక చుట్టు త్రిప్పుడు. మరల మొదటినుండి, ముందు కుడికి, తరువాత ముందునకు త్రిప్పుడు. పుస్తకము రెండు సార్లు ఒకే స్థితికి రాదు. సంఖ్యలను కూడుటలో వరుస లెక్కలేదు. భ్రమణములను కూర్చుటలో వరుసయే ప్రధానము. ఇట్టి గుణముగల సంఖ్యలను డబ్లిన్‌లో హామిల్టన్ 1843లోనే కనుగొన్నాడు. క్వాటర్నియన్లనబడు ఆ నాలుగంకెల సంఖ్యలను షూమేక్ 1985లో కంప్యూటరు చిత్రములకు అన్వయించి, 1992లో చేతితో గోళమును దొర్లించినట్లు తెరపై వస్తువును త్రిప్పు ఉపాయమును రచించినాడు. లెవింథాల్ చేతిక్రింది గోళము ఈ విధముగా గణితరూపమున తెరలోనికి ప్రవేశించినది.

ఎక్కడినుండి మొదలిడవలెనో తోచనివానికి కూడ సాఫ్ట్‌వేర్ ఒక సహాయము చేయును. పరమాణువులు ఏ వైపునకు ఎక్కువగా వ్యాపించియున్నవో లెక్కించి, అణువు పొడవును తెరకు అడ్డముగా, తరువాతి కొలతను నిలువుగా, అన్నింటికంటె పలుచని కొలతను చూచువాని వైపునకు అమర్చును. పొడవైన పుచ్చకాయను బల్లపై పెట్టినపుడు అది సహజముగా అడ్డముగా పరుండునే, అట్లు. ఇది వాల్తేరు గ్రంథములోని సౌష్ఠవాక్షము కాదు. కేవలము ఆకారమునుండి తీసిన అక్షము. మొదటి చూపునకు చాలును, తుది తీర్పునకు చాలదు. నచ్చిన చూపు దొరకిన పిమ్మట దానిని పైమాల్ 18 సంఖ్యలుగా వ్రాసి యిచ్చును. తొమ్మిది భ్రమణమునకు, మూడు కెమెరా స్థానమునకు, మూడు భ్రమణకేంద్రమునకు, మిగిలిన మూడు ముందు వెనుకల కోతకును చూపు తీరునకును. ఆ 18 సంఖ్యలు పంపినచో నగరిలోని విద్యార్థి చూచిన చూపునే టోక్యోలోని ఆచార్యుడు చూడగలడు.

ఎంత త్రిప్పినను మార్చలేనిది ఒకటున్నది. నగరి, పుత్తూరు ప్రాంతముల మరమగ్గముల చప్పుడు వినని ప్రయాణికుడుండడు. అక్కడి నేతగాండ్రకు నూలు పురి సంగతి చెప్పనక్కరలేదు. కుడి పురి పెట్టిన పోగును ఏ కొననుండి చూచినను కుడి పురియే. తలక్రిందులు చేసినను ఎడమ పురి కాదు. అణువులలోని సర్పిలములు కూడ అంతే. కొల్లాజెన్‌లో ఒక్కొక్క పేటకు ఎడమ పురి, మూడును కలసిన త్రాటికి కుడి పురి. త్రాడు పేనువారు పేటకు ఒక వైపు, త్రాటికి ఎదురువైపు పురి పెట్టినచో త్రాడు విడిపోదని ఎరుగుదురు. ప్రకృతియు ఆ నేర్పునే వాడినది. పురిని మార్చగలది ఒక్క అద్దమే. ముద్రణలో బొమ్మ ఎడమ కుడులు తారుమారైనను, చిత్రములు దిద్దు ప్రోగ్రాములో ఒక్క మీట నొక్కినను కుడి పురి డి.ఎన్.ఏ. ఎడమ పురిదైపోవును. అట్టి బొమ్మలు ప్రకటనలలోను, పుస్తకముల అట్టలపైనను తరచు కనబడుచున్నవి.

ఇది అలంకారమునకు సంబంధించిన చిన్న పొరపాటని త్రోసిపుచ్చరాదు. కుడికాలి చెప్పు ఎడమకాలికి పట్టనట్లు, అద్దములోని మందు అణువు శరీరములోని గూటిలో పట్టదు. ఎమిల్ ఫిషర్ 1891లో చక్కెరల అణువులను గీయుటకు రెండింటిలో ఒక చేతివాటమును ఊహగా ఎన్నుకొన్నాడు. అరువది సంవత్సరములు లోకమంతయు ఆ ఊహపై నడచినది. ఉట్రెక్ట్‌లో బైఫూట్ 1951లో ఎక్స్ కిరణములతో ఆ ఊహ నిజమేయని నిరూపించినాడు. అదృష్టవశమున పుస్తకములు తిరగవ్రాయు పని తప్పినది.

చివరగా హైదరాబాదు. కేంద్రీయ విశ్వవిద్యాలయములో 1979 మొదలు మూడు దశాబ్దములు పనిచేసిన గౌతం దేశిరాజు గారు స్ఫటిక నిర్మాణశిల్పమును గూర్చి 1989లో ఒక గ్రంథము ప్రకటించినారు. అణువులు స్ఫటికములో ఒకదానినొకటి ఎట్లు పట్టుకొనునో తెలిసినచో, కావలసిన స్ఫటికమును కట్టవచ్చునని ఆ శాస్త్రము యొక్క ఆశ. అట్టి కూర్పును అడ్డదిడ్డముగా చూచినవానికి పరమాణువుల గుంపు తప్ప మరేమియు కనబడదు. సరియైన అక్షము వెంట చూచినచో పొరలు పొరలుగా, తాళ్ళు తాళ్ళుగా, మధ్య దారులతో అమరిక తేటపడును. మామిడితోపులో ఏటవాలుగా నడచువానికి చెట్లు చెదరియున్నట్లు, వరుసకు ఎదురుగా నిలిచినవానికి సాలు తిన్నగా కనబడునట్లు.

అయితే సరియైన చూపు దొరకినదని సంతోషించువారు ఒక ప్రమాదమును మరువరాదు. పొరలు చక్కగా కనబడు దిక్కున పొరల నడిమి బంధములు ఒకదాని చాటున ఒకటి దాగవచ్చును. తెరపై ఆనుకొన్నట్లు కనబడు రెండు పరమాణువులు లోతులో ఎంతో ఎడముగా ఉండవచ్చును. మందు అణువు గూటిలో ఒదిగినట్లు చూపు బొమ్మ, పాతిక చుట్టు త్రిప్పినచో గూటి గోడను గ్రుద్దుకొన్న బొమ్మ కావచ్చును. బొమ్మ అబద్ధమాడదు; కాని అడిగినదానికే జవాబు చెప్పును. ఏ దిక్కున అడుగవలెనో నిర్ణయించువాడు మనిషి.

కనుక ఈ విద్యను క్రొత్తగా నేర్చుకొను యువకులకు మేము మనవి చేయునది కొంచెమే. బొమ్మను నమ్ముటకు ముందు కనీసము మూడు వైపులనుండి చూడుడు. దూరమును కంటితో గాక కొలతతో నిశ్చయింపుడు. కోణమును అడుగుడు, ఏలయనగా కోణమునకు దిక్కుతో పక్షపాతము లేదు. ప్రచురించునపుడు ఏ అక్షము వెంట చూచితిరో వ్రాయుడు. పరులు ఆక్షేపించినచో, మద్రాసులో 1955 తరువాత జరిగినట్లు, మరల కొలువుడు. చూపు మారినను మారనిదానిని వెదకుటయే శాస్త్రము. ఎక్కడ నిలిచి చూచితిమో దాచక చెప్పుట శాస్త్రజ్ఞుని ధర్మము.